ఇంట్లో బోన్సాయ్ – పాఠం 5: వెలుతురు చాలని చెట్టును కోలుకునేలా చేయడం

గత పాఠంలో కుండీ మట్టిని వేలితో తాకి నీళ్ల సంగతి తెలుసుకోవడం చూశాం. ఈ పాఠం వెలుతురు గురించి. ఇంటి లోపల పెంచే బోన్సాయ్‌లు, అంటే కుండీలో పొట్టిగా తీర్చి పెంచే చెట్లు, ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పైగా ఆ దెబ్బ తొందరగా బయటపడదు. నీళ్లు తగ్గితే నాలుగు రోజుల్లో ఆకు వాలిపోతుంది. వెలుతురు తగ్గితే మాత్రం, కాండంలోనూ వేళ్లలోనూ దాచుకున్న పిండిపదార్థాన్ని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ చెట్టు నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. మనం గమనించేసరికి నిల్వ అడుగంటి ఉంటుంది.

ముందు చెట్టును దగ్గరగా చూడటం నేర్చుకుందాం. కొత్తగా వచ్చిన కొమ్మను పట్టుకుని కణుపుకీ కణుపుకీ మధ్య దూరం చూడండి. పాత కొమ్మ మీద కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, కొత్త కొమ్మ మీద ఎడంగా ఉంటే చెట్టు వెలుతురును వెతుక్కుంటూ సాగుతోందన్నమాట. అలాంటి కొమ్మ సన్నగా, మెత్తగా ఉంటుంది, కిటికీ వైపు వంగుతుంది. కొత్త ఆకులు పాతవాటికంటే వెడల్పుగా, పల్చగా వస్తాయి. బోన్సాయ్‌కి చిన్న ఆకే అందం కాబట్టి ఈ మార్పు మనకు రెండు విధాల నష్టం. ఇక అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు: లోపలి ఆకులు, కింది రెమ్మల ఆకులు పసుపెక్కి రాలిపోవడం. తాను చేసే ఆహారం కన్నా ఎక్కువ తినే ఆకును చెట్టు భరించదు, వదిలేస్తుంది. అక్కడ రెమ్మ ఎండిపోతే మళ్లీ అదే చోట చిగురు వస్తుందన్న హామీ లేదు. ఏళ్ల తరబడి తీర్చిన ఆకారం అలా పోతుంది. నేను ఈ గుర్తును ఇంతగా పట్టుకుని చెప్పడానికి కారణం అదే.

ఆకు పసుపెక్కగానే చాలామంది చేయి ఎరువు డబ్బా మీదకు పోతుంది. దయచేసి ఆగండి. మొక్కకు ఆహారం ఎరువు నుంచి రాదు, కిరణజన్య సంయోగక్రియ నుంచి వస్తుంది. ఎరువులో ఉండేది లవణాలే. వెలుతురు లేక పెరుగుదల ఆగిన చెట్టు వాటిని వాడుకోలేదు. అవి మట్టిలో పేరుకుని వేళ్లను కాలుస్తాయి. నీళ్లదీ ఇదే కథ. వెలుతురు తగ్గితే ఆకులు విడిచే నీటి ఆవిరి తగ్గుతుంది, మట్టి ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది, వేళ్లకు గాలి అందక కుళ్లు మొదలవుతుంది. కాబట్టి ‘రోజుకో గ్లాసు’ లెక్క పక్కన పెట్టి, గత పాఠంలోలాగా మట్టి తాకి చూశాకే నీళ్లు పోయండి. ఆకుల్లోనే నీరు నిల్వ చేసుకునే జేడ్ మొక్క విషయంలో మరీ జాగ్రత్త. చెట్టు కోలుకునేదాకా కుండీ మార్చడం, వేళ్లు కత్తిరించడం కూడా వద్దు.

ఇప్పుడు కొలత. మన కన్ను ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. చీకటికి తగ్గట్టు కనుపాప పెద్దదవుతుంది కనుక గది ‘వెలుగ్గానే ఉంది’ అనిపిస్తుంది. వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. ఆరుబయట నీడలో కూడా 10,000 చుట్టుపక్కల ఉంటుంది. దీపాలు వేసిన ఆఫీసు గదిలో 300 నుంచి 500 మాత్రమే. ఫైకస్ (మర్రి, రావి జాతి) లాంటి ఓర్పుగల చెట్టు కూడా ఆ గదిలో బతుకుతున్నట్టు కనిపిస్తూ క్షీణిస్తుంది. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, ఫోను ముందు భాగాన్ని కిటికీ వైపు తిప్పి ఆకుల ఎత్తులో పట్టుకోండి. యాప్ లెక్కలో కొంత తేడా ఉన్నా, ఒక చోటుకీ మరో చోటుకీ పోలిక తెలియడానికి అది చాలు. నా లెక్కలో ఫైకస్‌కు పగలంతా 5,000 లక్స్ ఉంటే నిలబడుతుంది, 10,000 దాటితే కొమ్మలు కుదురుగా పెరుగుతాయి. యాప్ లేకపోతే తెల్లకాగితం మీద జానెడు ఎత్తున అరచేయి చాపండి. నీడ అంచులు స్పష్టంగా పడితే వెలుతురు బాగుంది. నీడ ఉందో లేదో తెలియకపోతే ఆ చోటు చెట్టుకు పనికిరాదు.

కొలవగానే ఒక విషయం ఆశ్చర్యపరుస్తుంది: కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి జరిపితేనే అంకె ఎంతో పడిపోతుంది. కాబట్టి మొదటి వైద్యం ఖర్చులేనిది. కుండీని అద్దానికి దగ్గరగా జరపండి, పరదా తొలగించండి, అద్దం తుడవండి, ఆకుల మీది దుమ్మును తడిగుడ్డతో తీయండి. వారానికోసారి కుండీని పావు చుట్టు తిప్పండి, లేదంటే చెట్టు ఒక పక్కకే పెరుగుతుంది.

అయినా చాలకపోతే ఎల్ఈడీ దీపం పెట్టాలి. ఊదారంగు దీపాలే కావాలని లేదు. తెల్లని కాంతినిచ్చేది చాలు, చెట్టు అసలు రంగు మనకూ కనిపిస్తుంది. దీపం ఎంత మంచిదన్నదానికంటే ఎంత దగ్గరగా ఉందన్నది ముఖ్యం. చిన్న బల్బయితే దూరం రెట్టింపు చేసినప్పుడు కాంతి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పైకప్పుకు వేలాడే దీపం అందుకే ఎందుకూ కొరగాదు. చెట్టు కొస నుంచి 20–30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, లక్స్ కొలిచి, ఆకులు వేడెక్కడం లేదని చేత్తో తాకి చూసుకోండి. టైమర్ పెట్టి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించి, రాత్రి చీకటి ఉండనివ్వండి.

ఒక హెచ్చరిక. నీడలో పుట్టిన ఆకులు పల్చనివి. వాటిని ఒక్కసారిగా నేరు ఎండలో పెడితే తెల్లబడి, గోధుమరంగు మచ్చలు పడి మాడిపోతాయి. ఉదయపు ఎండ ఒక గంటతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి. చోటు మారినప్పుడు ఫైకస్ కొన్ని ఆకులు రాల్చడం మామూలే. అనుమానం వస్తే సన్నని కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. భయపడి మళ్లీ పాత చోటుకు మార్చకండి. మళ్లీ చోటు మారితే ఇంకొన్ని ఆకులు రాలవచ్చు.

జునిపర్ (సూదుల్లాంటి, పొలుసుల్లాంటి ఆకులుండే చెట్టు) పెంచేవారికి ఈ పాఠం సరిపోదు. దానికి ఆరుబయటి ఎండ, గాలి, చలికాలపు విశ్రాంతి కావాలి. లోపలే ఎండిపోయాక కూడా అది కొన్ని వారాలు పచ్చగా కనిపించి మభ్యపెడుతుంది. దాన్ని ఈరోజే బయట నీడపట్టున పెట్టి, అక్కడి నుంచి ఎండకు అలవాటు చేయండి.

ఇక ఈ పాఠానికి అభ్యాసం. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆకుల ఎత్తులో లక్స్ కొలిచి రాసుకోండి. తర్వాత మూడు కొమ్మల మీద ఇప్పుడున్న చివరి ఆకు దగ్గర రంగుదారం వదులుగా కట్టండి. సాగిపోయిన పాత కణుపులు మళ్లీ దగ్గరకు రావు, పెద్దవైన ఆకులు చిన్నవి కావు, కాబట్టి వాటిని చూసి నిరాశపడకండి. దారానికి పైన వచ్చే పెరుగుదలను మాత్రమే చూడండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో అక్కడ కణుపులు దగ్గరపడి, ఆకు చిన్నదై, దళసరిగా వస్తే వెలుతురు సరిపోయినట్టే. అప్పుడు ఎరువును సగం మోతాదులో మొదలుపెట్టవచ్చు. సాగిన కొమ్మలను ఏ కణుపు దగ్గర కత్తిరిస్తే లోపలి నుంచి చిగుళ్లు వస్తాయో తర్వాతి పాఠంలో చూద్దాం. దారం పైన కనీసం నాలుగు మంచి ఆకులు వచ్చేదాకా కత్తెర పట్టకండి.