గోల్ఫ్ కోర్సులో దొంగతనాలు, విధ్వంసం: ఏం కనిపిస్తే ఏమైందనుకోవాలి, ఏం చేయాలి

ముందు ఒక మాట. పొద్దున్నే గ్రీన్ (బంతి పడే రంధ్రం చుట్టూ గడ్డి బాగా పొట్టిగా కోసి ఉంచే చోటు) పాడై కనిపిస్తే "ఎవడో వచ్చి చేశాడు" అని అరవడం మనందరికీ అలవాటే, నేనూ అరిచినవాణ్ణే. ఓసారి గ్రీన్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి గోధుమరంగు చారలు కనిపించేసరికి గోడ దూకి వచ్చే కుర్రాళ్ల మీద అనుమానపడి, రెండు రాత్రులు కాపలా కూడా పెట్టాం, తీరా చూస్తే మా మోవర్ (గడ్డి కోసే బండి) హైడ్రాలిక్ గొట్టం చిట్లి వేడి ఆయిల్ కారింది అంతే. చారలన్నీ మోవర్ తిరిగిన దారిలోనే ఉన్నాయి, గ్రీన్ చివర మలుపు తిరిగిన చోటుతో సహా! అందుకే కంప్లైంట్ ఇచ్చేముందు మరక ఆకారం చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

సమస్య: గ్రీన్ మీద గడ్డి ఎండిపోయింది

చారలు తిన్నగా, మోవర్ దారిలో ఉంటే ఆయిల్ లీకే. గుండ్రటి మచ్చ, చుట్టూ ముదురాకుపచ్చ అంచు ఉంటే కుక్క మూత్రం. గడ్డి పెళ్లలు తిరగబడి, కింద మట్టి కెలికినట్టుంటే పందులో పక్షులో వేర్లలో పురుగుల కోసం వచ్చాయి, అప్పుడు మందు పురుగుకి వేయాలి, కెమెరా పెట్టి లాభం లేదు. అక్షరాలు, బొమ్మలు, లేదా క్యాన్ వంచి పోసినట్టు ఒకచోట మడుగు, అక్కడినుంచి చిమ్మిన చుక్కలు, ఇవి మాత్రం మనిషి పనే. ఇది ఇప్పటిది కాదులెండి, 1913లోనే బ్రిటన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడినవాళ్లు గ్రీన్ల మీద యాసిడ్‌తో నినాదాలు రాశారు.

ఏం పోశారో ఎంత టైంలో ఎండిందో దాన్నిబట్టి కొంత చెప్పొచ్చు. పెట్రోల్ అయితే గంటల్లోనే మాడుతుంది, వాసన కూడా వస్తుంది. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు అయితే పోసిన రోజు ఏమీ తెలియదు, వారం అటూఇటూగా పసుపు తిరిగి తర్వాత చస్తుంది, కాబట్టి నిన్న రాత్రి ఫుటేజ్ చూస్తే దొరకడు, వారం పదిరోజుల వెనక్కి వెళ్లాలి (చాలా కెమెరాల్లో అప్పటికి రికార్డింగ్ చెరిగిపోయుంటుంది, ఆ సెట్టింగ్ ఇవాళే చూసుకోండి). మట్టి మీద తెల్లటి పొర కడితే ఉప్పు.

పరిష్కారం కూడా దేనికది వేరు. ఉప్పయితే మంచినీళ్లు బాగా పెట్టి కిందకి దిగిపోయేలా కడగాలి. గ్లైఫోసేట్ మట్టిని పట్టుకుని ఉండిపోతుంది, వేర్లకి పెద్దగా అందదు, కాబట్టి చచ్చిన గడ్డి తీసేసి కొత్త పెళ్లలు పరిచేయొచ్చు. డీజిల్, ఇంజన్ ఆయిల్ ఇంకినచోట మాత్రం పై మట్టి తీసి మార్చాల్సిందే. అసలు ఏం పోశారో తెలియకపోతే తొందరపడొద్దు, రెండు కప్పులు తీసుకుని ఒకదాంట్లో పాడైన చోటి మట్టి, ఇంకోదాంట్లో బాగున్న చోటి మట్టి వేసి రెండింట్లో రై గ్రాస్ విత్తనం చల్లి పది రోజులు ఆగండి, రెండూ సమానంగా మొలిస్తే పరిచేయండి, ఒకటి బోసిగా ఉంటే మట్టి మార్చండి. కొంచెం మట్టి సంచిలో కట్టి పోలీసులకి, ల్యాబ్‌కి దాచిపెట్టండి. ఫోటోలు తీశాకే నీళ్లు పెట్టాలి, మావాళ్లు జాలిపడి ముందే పైపు పట్టేస్తారు, సాక్ష్యం అంతా నీళ్లపాలు.

సమస్య: గ్రీన్ మీద టైర్ గాడులు

బండి గుండ్రంగా తిప్పితే పడేవి ఇవి. రోలర్ పెట్టి పక్కల్ని అణచడం పెద్ద తప్పు, గాడి లోతు తగ్గదు సరికదా మొత్తం గట్టిపడిపోతుంది. గడ్డి చిరక్కపోతే గాడి అంచున ఫోర్క్ ఏటవాలుగా గుచ్చి అణిగిన భాగాన్ని కింది నుంచి మెల్లగా పైకి లేపండి, సన్న ఇసుక చల్లండి, చివర్లో తేలికపాటి రోలింగ్. చిరిగితే నర్సరీ గ్రీన్ (అతుకుల కోసం విడిగా పెంచే గడ్డి) నుంచో ప్రాక్టీస్ గ్రీన్ అంచు నుంచో హోల్ కట్టర్‌తో ముక్కలు తెచ్చి నాటాలి. గ్రీన్ మీద గడ్డి ఎత్తు 3 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది కాబట్టి అతుకు కాస్త పైకి లేచినా మోవర్ దాన్ని గీకేస్తుంది, అతుకు పట్టేదాకా అక్కడ బ్లేడ్ ఎత్తు పెంచండి.

సమస్య: కప్పులో (గ్రీన్ మీద బంతి పడే రంధ్రంలో) సిమెంట్

నవ్వొస్తుంది కానీ జరిగిందే. 2022 ఆగస్టులో ఫ్రాన్స్‌లో టూలూజ్ దగ్గర, కరువు రోజుల్లో గ్రీన్లకి నీటి ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చారని పర్యావరణ కార్యకర్తలు ఇదే చేశారు. హోల్ అంటే 4.25 అంగుళాల రంధ్రమేగా, ఎలాగూ తరచూ జరుపుతూనే ఉంటాం, కాబట్టి వేరేచోట కొత్తది కోసి ఆట మొదలెట్టించండి. పాతదాన్ని సుత్తితో కొట్టకండి, చుట్టూ వెడల్పుగా కోసి కప్పుతో సహా ముద్దలా ఎత్తి, ఇసుక నింపి, గడ్డి ముక్క పెట్టండి.

సమస్య: ఒకేసారి చాలా స్ప్రింక్లర్లు పనిచేయడం లేదు

ఒక్క వాల్వ్ ఆగితే రిపేర్, పది ఆగితే రాగి దొంగలని అనుమానించండి. కంట్రోలర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి ప్రతి స్టేషన్ (ఒక్కో వాల్వ్‌కి వెళ్లే కనెక్షన్) చూడండి, 24 వోల్టుల సోలినాయిడ్‌కి (వాల్వ్ తెరిచే కాయిల్‌కి) మామూలుగా 20 నుంచి 60 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, అసలేమీ చూపించకపోతే వైరో, కాయిలో తెగింది. ఆ కంట్రోలర్ మీద అన్నీ చచ్చిపోతే తెగింది కామన్ వైరు, అంటే అన్ని వాల్వ్‌లకీ ఉమ్మడిగా ఉండేది. రెండు తీగల డీకోడర్ సిస్టమ్ (వాల్వ్‌లన్నీ ఒకే జత తీగల మీద నడిచేది) అయితే ఎక్కడ తెగిందో దాని అవతలంతా పడుకుంటుంది, కాబట్టి చివరగా పనిచేసే వాల్వ్‌కి, మొదటగా పనిచేయని వాల్వ్‌కి మధ్య తవ్విన మట్టి వెతకండి. అతుకు జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్‌తో వేయండి, టేపు చుడితే మళ్లీ మీరే తవ్వుతారు. పంప్‌హౌస్ కేబుల్ జోలికి మాత్రం మెయిన్ ఆపకుండా వెళ్లొద్దు, తెగిన కొనలో కరెంట్ ఉండొచ్చు.

సమస్య: కార్ట్ (ఆటగాళ్లు కోర్సులో తిరిగే చిన్న బండి) మాయమైంది, లేదా చెరువులో తేలింది

తాళాలు పగలగొట్టిన గుర్తు లేకపోతే ఇంటిదొంగ అనేస్తారు, కానీ ఆగండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్ట్‌లు చాలావాటికి తాళంచెవి ఒకటే, ఒక కార్ట్ చెవి జేబులో వేసుకుపోయినవాడికి మీ షెడ్ మొత్తం అందినట్టే. ఇగ్నిషన్ స్విచ్‌లు మార్పించి వేర్వేరు చెవులు పెట్టించడమే అసలు మందు. సీటు కింద టో స్విచ్ (బండిని లాక్కెళ్లేటప్పుడు మోటార్ పనిచేయకుండా ఆపేది) ఉందిగా అంటారు, అది తెలిసినవాడు ఒక్క సెకనులో తిప్పేస్తాడు. రాత్రి కార్ట్‌లు వరసగా పెట్టి ముందు ట్రాక్టర్ అడ్డం పెట్టడం మొరటు పద్ధతే, కానీ పనిచేస్తుంది. బండి కదలకుండా బ్యాటరీలే పోతుంటే సీసం కోసం, వాటిపైన తాళం పట్టే ఇనప పట్టీ వేయించి, బ్యాటరీ ఒంటిమీద కోర్సు పేరు చెక్కించండి.

నీళ్లలో పడిన కార్ట్‌ని బయటికి తీశాక ఆన్ చేసి చూద్దామనే తెలివితేటలు వద్దు. ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలి, తర్వాత మెకానిక్.

మిగతావి

బ్యాగులు పోయేది ఎక్కువగా ఆట అయ్యాక, కార్ పార్కులోనో రెస్టారెంట్ ముందు స్టాండ్‌లోనో, అందుకే స్టాండ్ రిసెప్షన్‌కి కనిపించేచోటికి జరపండి, మెంబర్లని క్లబ్ (బంతి కొట్టే కర్ర) మెడ దగ్గరున్న సీరియల్ నంబర్ ఫోటో తీసి ఉంచుకోమనండి. మోవర్ల జీపీఎస్ రిసీవర్లు రాత్రి ఊడదీసి లోపల పెట్టండి, పిన్ కోడ్ ఉంటే ఆన్ చేయండి. రాత్రిళ్లు చెరువుల్లో బంతులకోసం దిగేవాళ్లది దొంగతనం కన్నా ప్రాణాపాయం, అడుగున బురదలో కాలు ఇరుక్కుంటే అంతే, లైసెన్సున్న డైవర్లకి కాంట్రాక్ట్ ఇస్తే బంతులూ వస్తాయి. కెమెరాలు 18 హోల్స్‌కీ పెట్టాలంటే 100 ఎకరాల పైమాటే, అంతొద్దు, గేటు, షెడ్, డీజిల్ ట్యాంకు, పంప్‌హౌస్, ఈ నాలుగు చాలు. జెండాలు పోతే రెండు సెట్లు స్పేర్ పెట్టుకోండి, వాటి కోసం రాత్రిళ్లు మేలుకోకండి.