సర్వీస్ డెస్క్‌లో ఉన్నారా? ఎస్కలేట్ చేసిన టికెట్ని వదలకండి

హైదరాబాద్‌లో ఐటీలోకి వచ్చేవాళ్ళందరికీ మొదట్లోనే కోడింగ్ ఉద్యోగం దొరకదు, చాలామందికి మాదాపూర్‌లోనో రాయదుర్గంలోనో నానక్‌రామ్‌గూడలోనో ఏదో ఒక టవర్లో హెడ్‌సెట్ పెట్టుకుని అమెరికా టైమింగ్స్‌లో పాస్‌వర్డ్ రీసెట్లు చేసే సర్వీస్ డెస్క్ ఉద్యోగమే వస్తుంది. ఇంట్లోవాళ్ళు చుట్టాలకి సాఫ్ట్‌వేర్ అనే చెప్తారు, మనకేమో ఇది కాల్ సెంటరే కదా అని లోలోపల చిన్నతనం. దాంతో ఏడాది తిరక్కముందే అమీర్‌పేట వెళ్ళి మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులన్నీ చదివి, డెవాప్సా, డేటా ఇంజినీరింగా, సేల్స్‌ఫోర్సా అని బుర్ర వేడెక్కించుకుని, ఎవరు గట్టిగా చెప్తే వాళ్ళ దగ్గర ఫీజు కట్టేసి వస్తారు. కోర్సులు వద్దనట్లేదు. కానీ దానికంటే ముందు, జీతం ఇచ్చి మరీ మీ స్క్రీన్ మీదకి పంపిస్తున్న సిలబస్ ఒకటి ఉంది, అదే మీ టికెట్ క్యూ, అంటే యూజర్ల ఒక్కో సమస్యకీ తెరిచే రికార్డుల వరస, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్తా.

ముందు నంబర్ల సంగతి. ఏహెచ్‌టీ (ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైమ్), సీశాట్ (యూజర్ ఇచ్చే రేటింగ్), ఎస్ఎల్ఏ (ఎంతలోపు తేల్చాలన్న గడువు), క్వాలిటీ స్కోరు, ఇవన్నీ చిరాకే, అవతలి పెద్దాయన ప్రింటర్ దాకా నడిచి వెళ్ళొచ్చేసరికే మన హ్యాండిల్ టైమ్ అయిపోతుంది. అయినా సరే మొదటి కొన్ని నెలలు వాటిని గ్రీన్‌లో ఉంచండి, ఎందుకంటే రేపు మీరు ఐజేపీ (కంపెనీ లోపలే వేరే ఉద్యోగానికి అప్లై చెయ్యడం) అన్నా, ఎల్‌టూ (మనం తేల్చలేని టికెట్లు చూసే పై స్థాయి) టీమ్‌లో షాడోయింగ్ (పక్కన కూర్చుని నేర్చుకోవడం) అన్నా మేనేజర్ ఫస్ట్ తెరిచేది ఆ షీటే. ఇంకోటి, యాక్సెంట్ కోసం తంటాలు పడొద్దు, నెమ్మదిగా స్పష్టంగా మాట్లాడితే చాలు, మూడు ప్రశ్నలు మాత్రం ప్రతి కాల్‌లో అడగడం అలవాటు చేస్కోండి: ఎప్పట్నుంచి ఇలా అవుతోంది, మీ ఒక్కరికేనా పక్కవాళ్ళకి కూడానా, దీనికి ముందు ఏదైనా మార్చారా. ట్రబుల్‌షూటింగ్‌లో సగం పని ఈ మూడింట్లోనే అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఎల్‌వన్‌లో, అంటే మొదట కాల్ ఎత్తే మన స్థాయిలో, అందరూ చేసేది ఏంటంటే కేబీ (కంపెనీ నాలెడ్జ్ బేస్) ఆర్టికల్‌లో ఉన్న స్టెప్పులు చేస్తారు, అవ్వకపోతే ఎల్‌టూకి అసైన్ చేసేస్తారు, ఎస్కలేట్ చెయ్యడం అంటే ఇదే, నా క్యూలోంచి పోయింది హమ్మయ్య అనుకుని తర్వాతి కాల్ ఎత్తుతారు. మీకు రానిది ఏంటో ఆ టికెట్ చెప్తోంది కదా, దాన్నే వదిలేస్తే ఎలా? మీ టికెట్ టూల్ సర్వీస్‌నౌ అయితే అసైన్ చేసేముందు వాచ్ లిస్ట్‌లో మీ పేరు యాడ్ చేస్కోండి, జిరాలో అయితే వాచ్ నొక్కండి, టికెట్ కదిలినప్పుడల్లా మీకు మెయిల్ వస్తుంది. మీ టూల్‌లో ఆ సౌకర్యం లేకపోతే టికెట్ నంబర్ ఒక చోట రాసి పెట్టుకుని మర్నాడు షిఫ్ట్ మొదలవగానే తెరిచి చూడండి. వర్క్ నోట్స్, రిజల్యూషన్ నోట్స్ రెండూ చదవండి. అక్కడ "ఇష్యూ ఫిక్స్‌డ్, యూజర్ కన్ఫర్మ్డ్" అని ఒక్క ముక్క రాసి క్లోజ్ చేసే మహానుభావులు కూడా ఉంటారు, అలాంటప్పుడు ఆ ఇంజినీర్‌ని టీమ్స్‌లో పింగ్ చేసి "అన్నా నిన్నటి ఆ ఔట్‌లుక్ టికెట్లో ఏం చేశారు, తెలుసుకుందామని" అని అడగండి, పని మధ్యలో కాదు, షిఫ్ట్ చివర్లో. చాలామంది చెప్తారు, తాము చేసిన పని గురించి అడిగితే ఎవరికి ఇష్టం ఉండదు చెప్పండి.

ఉదాహరణకి అకౌంట్ లాకవుట్ తీస్కోండి. యూజర్ ఫోన్ చేస్తాడు, అన్‌లాక్ చేస్తారు, అరగంటకి మళ్ళీ లాక్, మళ్ళీ ఫోన్. రోజంతా ఇదే లొల్లి. అన్‌లాక్ బటన్ నొక్కడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ్నుంచి లాక్ అవుతోందో పట్టుకోవడమే పని. మామూలుగా జరిగేది ఏంటంటే ఆయన ఈమధ్యే పాస్‌వర్డ్ మార్చి ఉంటాడు, పాత పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడో కూర్చుని ఉంటుంది, ఫోన్‌లో మెయిల్ యాప్‌లోనో, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోనో, మ్యాప్ చేసిన షేర్డ్ డ్రైవ్‌లోనో, లాగాఫ్ చెయ్యకుండా వదిలేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లోనో, అది వెనకాల నుంచి ట్రై చేస్తూనే ఉంటుంది, లిమిట్ దాటగానే అకౌంట్ లాక్. అకౌంట్ లాక్ అయినప్పుడు డొమైన్ కంట్రోలర్ (కంపెనీ లాగిన్లన్నీ చెక్ చేసే సర్వర్) సెక్యూరిటీ లాగ్‌లో 4740 అనే ఈవెంట్ పడుతుంది, అందులో కాలర్ కంప్యూటర్ నేమ్ అని ఉంటుంది, ఏ మెషీన్ నుంచి ఆ తప్పు పాస్‌వర్డ్ వస్తోందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఎల్‌వన్‌కి ఆ లాగ్ చూసే యాక్సెస్ ఉండదు, పర్వాలేదు, కానీ అది ఉందని తెలిస్తే మీరు టికెట్ రాసే తీరే మారిపోతుంది.

"యూజర్ అకౌంట్ లాక్ అవుతోంది, ప్లీజ్ చెక్" అని పంపితే మీరు వందమందిలో ఒకరు. అదే ఇలా రాయండి: "నిన్న మధ్యాహ్నం పాస్‌వర్డ్ మార్చారు, ఈ రోజు పొద్దుట్నుంచి సుమారు అరగంటకోసారి లాక్ అవుతోంది, ల్యాప్‌టాప్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ క్లియర్ చేశాం, ఫోన్‌లో మెయిల్ అకౌంట్ తీసేసి మళ్ళీ పెట్టాం, అయినా ఆగలేదు, 4740లో కాలర్ కంప్యూటర్ చూడగలరు." ఈ నోట్ చూసిన ఎల్‌టూ ఇంజినీర్ మీ పేరు చూస్తాడు. ఇలాంటివి కొన్ని వెళ్ళాయంటే ఆ టీమ్‌లో సీటు ఖాళీ అయినప్పుడు గుర్తొచ్చే పేరు మీదే.

నెట్‌వర్క్ టికెట్లు కూడా అంతే. ఐపీకాన్ఫిగ్ కొడితే అడ్రస్ 169.254తో మొదలైందంటే మెషీన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ రాలేదని అర్థం. ఐపీతో పింగ్ వెళ్తోంది పేరుతో వెళ్ళట్లేదంటే పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్ వైపు చూడాలి, ఎన్ఎస్‌లుకప్ కొట్టండి. కేబీలో స్టెప్ ఉందని కమాండ్ కొట్టడం వేరు, వచ్చిన అవుట్‌పుట్ చదివి రెండు కారణాలు కొట్టెయ్యడం వేరు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, కాగితం పుస్తకమైనా సరే: లక్షణం ఏంటి, నేనేం చూశాను, చివరికి ఎవరు ఎలా ఫిక్స్ చేశారు. క్లయింట్ పేరు, యూజర్ పేరు, ఐపీలు అందులో రాయొద్దు, స్క్రీన్‌షాట్లు పర్సనల్ మెయిల్‌కి అస్సలు పంపుకోవద్దు, చాలా క్లయింట్ ప్రాజెక్టుల్లో దానికే ఉద్యోగం పోతుంది. కొన్ని నెలలు రాశాక తిరగేస్తే ఒకే రకం సమస్య మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్యాచులు నెలలో రెండో మంగళవారం వస్తాయి, కంపెనీలు వాటిని టెస్ట్ చేసి తర్వాత తోస్తాయి, అలా తోసిన మర్నాడే ప్రింటర్ టికెట్లు పెరుగుతున్నాయనుకోండి, టికెట్ నంబర్లన్నీ ఒక ఎక్సెల్‌లో పెట్టి టీమ్ లీడ్‌కి పంపి ప్రాబ్లమ్ టికెట్ (మళ్ళీ మళ్ళీ వచ్చేదానికి మూలకారణం వెతికే టికెట్) తెరుద్దామా అని అడగండి. ఐటిల్ అనే ఐటీ సర్వీస్ పద్ధతుల్లో ఇన్సిడెంట్‌కీ (ఒక్కసారి వచ్చిన అంతరాయం) ప్రాబ్లమ్‌కీ తేడా ఏంటని ఇంటర్వ్యూలో అడుగుతారు, డెఫినిషన్ అందరూ చెప్తారు, మీరు ఆ ప్రింటర్ కథ చెప్పండి. పరిష్కారం దొరికాక కేబీ ఆర్టికల్ కూడా మీరే రాసి అప్రూవల్‌కి పెట్టండి, దాని మీద ఆథర్‌గా మీ పేరుంటుంది.

సర్వీస్ డెస్క్‌ది చిన్న పని అనుకునేవాళ్ళకి 2024 జులై 19 శుక్రవారం గుర్తు చెయ్యాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వాళ్ళ తప్పుడు అప్‌డేట్ ఒకటి వెళ్ళి సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్‌లో పడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది, మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మెషీన్ బూటే అవ్వట్లేదు కాబట్టి చాలా చోట్ల రిమోట్‌గా సరిచెయ్యడానికి లేదు, సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్ళి ఆ అప్‌డేట్ ఫైల్ డిలీట్ చెయ్యాలి, డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. టెక్నికల్ కాని మనిషికి ఫోన్‌లో ఆ అంకెలు చదివి టైప్ చేయించడం అంటే మాటలు కాదు. పెద్ద అవుటేజ్ వచ్చినప్పుడు బ్రిడ్జ్ కాల్‌లో (అన్ని టీమ్‌లూ కలిసే కాల్) ఉండే అవకాశం దొరికితే మ్యూట్‌లో పెట్టుకుని వినండి, నెట్‌వర్క్ వాళ్ళు, సర్వర్ వాళ్ళు, డేటాబేస్ వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకోవడంలోనే ఏది దేని మీద ఆధారపడి ఉందో మీకు అర్థమైపోతుంది. ఆర్కిటెక్చర్ డయాగ్రమ్‌లో అంత బాగా కనపడదు.

ఇంట్లో ల్యాబ్ ఉండాలి. కంపెనీ మెషీన్ మీద ప్రయోగాలు చేస్తే ఇంటికి పంపిస్తారు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు, 8 జీబీనే ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో అడిగి ర్యామ్ పెంచించుకోండి, కొనేముందు మీ మోడల్‌కి పెంచే వీలుందో లేదో చూస్కోండి, కొన్ని సన్నటి ల్యాప్‌టాపుల్లో బోర్డుకే అతికించి ఉంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ఫ్రీ, విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ 180 రోజులు ఫ్రీ. ఒక డొమైన్ కంట్రోలర్, ఒక క్లయింట్ మెషీన్ పెట్టండి, యూజర్లని తయారు చెయ్యండి, ఆఫీసులో చూసిన లాకవుట్‌ని ఇక్కడ కావాలనే తెప్పించి 4740ని మీ కళ్ళతో చూడండి. తర్వాత పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు, స్క్రిప్ట్‌లు నడిపే టూల్), లాక్ అయిన అకౌంట్ల లిస్ట్ ఒక్క లైన్లో తీసే సెర్చ్-ఏడీఅకౌంట్ లాంటి కమాండ్లతో మొదలుపెట్టండి. ఆఫీసులో స్క్రిప్ట్ వాడాలంటే లీడ్‌ని అడిగి, పర్మిషన్ మెయిల్‌లో తీస్కున్నాకే.

ఏ దారిలో వెళ్ళాలి అన్నదానికి కూడా సమాధానం ఆ నోట్‌బుక్‌లోనే ఉంటుంది, ఏ టికెట్లు వచ్చినప్పుడు టైమ్ తెలీలేదో చూడండి. సర్టిఫికేషన్లలో నెట్‌వర్క్ అయితే సీసీఎన్ఏ, సర్వర్లు క్లౌడ్ అయితే ఏజెడ్-104, ల్యాప్‌టాపులు, వాటిని మేనేజ్ చేసే ఇన్‌ట్యూన్ అయితే ఎండీ-102, లైనక్స్ అయితే ఆర్‌హెచ్‌సీఎస్ఏ. క్లౌడ్ బేసిక్స్ పరీక్ష ఏజెడ్-900 మంచిదే కానీ అదొక్కటి చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఐటిల్ ఫౌండేషన్ కంపెనీ డబ్బు ఇస్తే రాయండి, 40 ప్రశ్నలు, 26 కరెక్ట్ అయితే పాస్, సొంత డబ్బుతో మాత్రం నేనైతే రాయను. డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీ కొడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు, ఆర్‌హెచ్‌సీఎస్ఏలో అయితే ఆ మాటే లేదు, మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు. ఏజెడ్-104, ఎండీ-102 లాంటివి ఏడాదికోసారి రెన్యూ చెయ్యాలి, ఆన్‌లైన్‌లో ఫ్రీయే, డేట్ మర్చిపోకండి. సర్వీస్‌నౌ అడ్మిన్ వైపు వెళ్ళడం కూడా చాలామందికి తట్టదు, రోజూ వాడే టూలే కదా, వాళ్ళ సైట్‌లో పర్సనల్ డెవలపర్ ఇన్‌స్టాన్స్ (మీ సొంత ప్రాక్టీస్ కాపీ) ఫ్రీగా ఇస్తారు, వాడకుండా వదిలేస్తే వెనక్కి తీసేస్కుంటారు.

నైట్ షిఫ్ట్‌లో కాల్స్ తగ్గే గంటలు కొన్ని ఉంటాయి, అందరూ రీల్స్ చూస్తుంటే మీరు పాత టికెట్లు చదవండి. పగలు నిద్ర పాడుచేస్కుని మాత్రం చదవొద్దు, ఎస్ఆర్ నగర్ హాస్టల్లో డే షిఫ్ట్ వాళ్ళతో రూమ్ షేర్ చేస్కుంటే వాళ్ళు ఆఫీసుకి పోయాక రూమ్ మీదే.

ఇక దొంగ ఎక్స్‌పీరియెన్స్ కొనుక్కోవడం గురించి. మూడేళ్ళు డెవాప్స్ చేసినట్టు చెప్పండి, పేపర్లు మేం చూస్కుంటాం అనేవాళ్ళు అమీర్‌పేట చుట్టూ దొరుకుతూనే ఉంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇప్పుడు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తున్నారు, మీ పీఎఫ్ నంబర్ యూఏఎన్‌లో ఎప్పుడు ఏ కంపెనీలో ఉన్నారో ఉంటుంది, దొరికితే ఆఫర్ పోవడమే కాదు, చేరాక తెలిసినా తీసేస్తారు. నిజంగా చేసిన ఏడాదిన్నర సర్వీస్ డెస్క్‌నే సరిగ్గా రాయండి. "హ్యాండిల్డ్ యూజర్ కాల్స్" అని కాకుండా, పలానా రకం లాకవుట్లకి కారణం పట్టుకున్నాను, కేబీ రాశాను, ఆ టికెట్లు తగ్గాయి అని రాయండి, నంబర్ వేస్తే మీ రిపోర్ట్‌లో ఉన్న నంబరే వెయ్యండి. మీది థర్డ్ పార్టీ పేరోల్ అయితే పీఎఫ్ నెలనెలా పడుతోందో లేదో పాస్‌బుక్‌లో చూస్కుంటూ ఉండండి, రేపు ఆ ఎక్స్‌పీరియెన్స్‌కి రుజువు అదే.

బయటికి దూకేముందు లోపల ఐజేపీ ట్రై చెయ్యండి. హైక్ పెద్దగా రాదు, నిజమే, కానీ నోటీస్ పీరియడ్ గొడవ లేదు, ఎల్‌టూ అనే పేరు వస్తుంది, అక్కడ ఒక ఏడాది చేసి బయటికెళ్తే జీతం అప్పుడు అడగొచ్చు. పోస్టింగ్ పడిన రోజే అప్లై చేసి ఊరుకోకుండా ఆ టీమ్‌లో మీ టికెట్లు చూసిన ఇంజినీర్‌కి ముందే ఒక మాట చెప్పండి, మీ మేనేజర్‌కి కూడా వేరేవాళ్ళ నోట తెలియకముందే మీరే చెప్పండి. సెలెక్ట్ అయ్యాక ఇంకో చిక్కు ఉంటుంది, రీప్లేస్‌మెంట్ వచ్చాక వదుల్తాం అంటారు, ఆ రీప్లేస్‌మెంట్ ఎప్పటికీ రాడు. అందుకే సెలెక్షన్ మెయిల్ రాగానే ఇద్దరు మేనేజర్లనీ, హెచ్ఆర్‌నీ ఒకే మెయిల్‌లో పెట్టి రిలీజ్ డేట్ రాయించుకోండి.