పచ్చ టిక్కు చూసి హాలిడే మెంబర్‌షిప్ కొనకండి

తిరుపతిలో రెండు సెంట్ల స్థలం కొనాలన్నా ఈసీ (ఆ స్థలం మీద అప్పులు, బదిలీలు చూపే సర్టిఫికెట్) తీయించి, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపించాకే అడ్వాన్స్ ఇస్తాం. అలాంటిది ఏటా ఓ వారం రిసార్టులో ఉండే టైమ్‌షేర్ మెంబర్‌షిప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం ప్రకటన పక్కన ‘వెరిఫైడ్’ అని పచ్చ టిక్కు కనిపిస్తే చాలు, డబ్బు పంపేస్తున్నారు. చాలాచోట్ల ఆ టిక్కుకు అర్థం అమ్మేవాళ్ల ఫోన్‌కు ఓటీపీ వెళ్లిందని, అంతే.

బైరాగిపట్టెడలో మా బాబాయి పోయిన ఏడాది ఇలాంటిదే ఒకటి చూపించాడు. ‘25 ఏళ్ల మెంబర్‌షిప్’ అని రాశారు, అబద్ధం కాదు, కానీ వాళ్లు కొన్నది 2006లో, అంటే 2031తో అయిపోతుంది. పైగా రెండేళ్ల వార్షిక ఫీజు బాకీ. ప్రకటనలో ఈ రెండూ లేవు.

కాబట్టి ముందు అగ్రిమెంట్ కాపీ అడగండి, అందులో మొదలైన తేదీ చూసి మిగిలిన ఏళ్లు మీరే లెక్కేసుకోండి. తర్వాత సీజన్, అంటే ఏడాదిలో ఏ రోజుల్లో వెళ్లొచ్చన్నది. ఇలాంటి మెంబర్‌షిప్‌లు అమ్మే క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని ఉంటాయి, పర్పుల్ అన్నిటికంటే గిరాకీ ఉన్న రోజులకు, బ్లూ ఎవరూ పెద్దగా వెళ్లని రోజులకు. పిల్లల ఎండాకాలం సెలవుల్లో కొండ ప్రాంతాలకు వెళ్దామని బ్లూ కొంటే ఏటా ఫీజు కట్టడమే మిగులుతుంది, ఎందుకంటే వెళ్లినా వెళ్లకపోయినా ఆ ఫీజు తప్పదు. స్టూడియోనా (విడిగా బెడ్‌రూమ్ లేని ఒకే గది), ఒక బెడ్‌రూమా అనేది కూడా అడగండి.

అసలు పని ఇప్పుడు. మన దేశంలో ఇవి ఎక్కువగా వాడుకునే హక్కు మాత్రమే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికితే ఏమీ దొరకదు, కంపెనీ రికార్డే దీనికి ఈసీ. అమ్మేవాళ్లను వాళ్ల రిజిస్టర్డ్ మెయిల్ నుంచి, మిమ్మల్ని కాపీలో పెట్టి, కంపెనీకి రాయమనండి: ఎవరెవరి పేర్ల మీద ఉంది, ఎప్పటిదాకా, ఈఎంఐ గానీ ఫీజు గానీ బాకీ ఉందా, పేరు మార్చుకోవచ్చా, దానికెంత కట్టాలి, వాడకుండా మిగిలిన రాత్రులు కొత్తవాళ్లకు వస్తాయా. ఈ చివరి ప్రశ్న మాత్రం మరిచిపోవద్దు, ‘21 రాత్రులు బ్యాలెన్స్’ అని రాసినవాళ్లు బదిలీ అయ్యేలోపు అవి వాడేసుకోవచ్చు. మెయిల్ పెట్టడానికి సాకులు చెబితే ఆ బేరం అక్కడితో వదిలేయండి. బాబాయి అలాగే వదిలేశాడు.

డబ్బు బ్యాంకు ద్వారానే, ముందు కొంచెం టోకెన్, మిగతాది మీ పేరు మారిందని కంపెనీ నుంచి మెయిల్ వచ్చాకే.

మీరే అమ్ముతున్నారా? ‘పార్టీ రెడీగా ఉంది, ఎన్‌ఓసీ చార్జీలు, జీఎస్టీ ముందు కట్టండి’ అని ఫోన్ వస్తే రూపాయి కూడా పంపకండి. పొరపాటున పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామని ఆగితే ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారిపోతుందో చెప్పలేం.