వానాకాలంలో గురి తప్పే రైఫిల్: స్టాక్ బెడ్డింగ్‌తో నా అనుభవం

మాది పర్లాకిమిడి. తాతగారి నుంచి లైసెన్సుతో సహా నాకు దక్కిన బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి గుండు ఎక్కించే) .30-06 కాలిబర్ వేట రైఫిల్ ఒకటి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇప్పుడు వేట మాట లేదు, షూటింగ్ రేంజిలో కాగితం మీదే దాని పని.

ఎండాకాలంలో బాగా తగిలేది, ముసురు పట్టగానే గుండ్లు పక్కకు జరిగేవి. స్కోపుని (గురి చూసే దుర్భిణిని) పట్టి ఉంచే మౌంట్లు బిగించి చూశాను, తేడా లేదు. చివరికి పది రూపాయల నోటు మడత పెట్టి బ్యారెల్‌కీ (గొట్టానికీ) దాన్ని మోసే స్టాక్ చెక్కకీ మధ్య జరిపాను. ముందు కొస దగ్గర ఆగిపోయింది. చెక్క తేమకి ఉబ్బి బ్యారెల్‌ని నెడుతోందన్నమాట.

బరంపురంలో లైసెన్సున్న తుపాకీ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి, పక్కనే కూర్చున్నాను. గుండు లేదని చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టాకే ఆయన స్క్రూలు విప్పాడు. పైపుకి గరుకు కాగితం చుట్టి, చెక్కలో బ్యారెల్ కూర్చునే గాడిని వెడల్పు చేశాడు. రీకాయిల్ లగ్ (పేల్చినప్పటి వెనక్కి తన్ను దెబ్బని చెక్కకి అందించే లోహపు దిమ్మ) చుట్టూ చెక్క కాస్త తొలిచి, ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) నింపాడు. దీన్నే బెడ్డింగ్ అంటారు. అంతకుముందు లోహమంతా మైనం పాలిష్ పూశాడు. ఇది మరిస్తే రైఫిల్ స్టాక్‌కి అతుక్కుపోతుంది, ఇక ఊడదు! లగ్ ముందు, పక్కలు, అడుగున కాస్త ఖాళీ మిగిలేలా టేపు కూడా అప్పుడే అంటించాడు. వెనక ముఖం మాత్రం ఎపాక్సీకి గట్టిగా ఆనాలి, దెబ్బంతా అక్కడే పడుతుంది. మర్నాటిదాకా కదపలేదు. తొలిచిన చెక్కకి వార్నిష్ కూడా వేయించాను, లేకపోతే మళ్లీ తేమ పీలుస్తుంది.

ఇప్పుడు నోటు చివరిదాకా జారుతుంది. వంద మీటర్లకి గుండ్లన్నీ అరచేతి కింద దాగుతున్నాయి, ముసురులో కూడా.