ట్యూబిఫెక్స్ (చేపలకు మేతగా వేసే సన్నటి ఎర్ర పురుగులు) తెచ్చిన మర్నాడే చచ్చిపోతున్నాయా? చేపల కడుపు ఉబ్బుతోందా?

బరంపురం ఉక్కపోతలో చేపలకు బతికున్న పురుగులు వేసేవాళ్లంతా దాదాపు ఇవే ఇబ్బందులు పడుతుంటారు. చాలావరకు లోపం ట్యాంకులో ఉండదు. కొన్న పురుగుల్ని కొన్నట్టే ట్యాంకులో వేయడంలోనే ఉంటుంది.

సమస్య: ఇంటికి వచ్చేసరికే కంపు, మర్నాటికి నీళ్లు తెల్లగా చిక్కబడటం

కారణం: ట్యూబిఫెక్స్ ఒకదాన్నొకటి అల్లుకుని ముద్ద కడతాయి. వేడెక్కిన కవర్లో నడిమి పురుగులకు గాలి అందక ముందు అవే పోతాయి. అవి కుళ్లితే మిగతావీ మిగలవు. ఇక్కడ కొని పర్లాకిమిడికో రాయగడకో బస్సులో పట్టుకెళ్తే ఇదే జరుగుతుంది.

పరిష్కారం: కొనే ముందు ముద్దను వేలితో తాకి చూడండి. ఆరోగ్యంగా ఉంటే పైన ఆడుతున్న తోకలన్నీ చటుక్కున లోపలికి ముడుచుకుని, ముద్ద బిగుసుకుంటుంది. రంగు ముదురు ఎరుపు ఉండాలి. మధ్యలో బూడిద రంగు చార కనిపించినా, తాకితే కదలకపోయినా తీసుకోవద్దు, ధర తగ్గించినా సరే. దూరం వెళ్లాలంటే వెడల్పు డబ్బాలో పలుచగా పరిచి, బయట ఐస్ ముక్కల కవర్ పెట్టండి.

ఇంట్లో వెడల్పాటి పళ్లెంలో సెంటీమీటరు లోతు నీళ్లు పోసి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. మూత బిగించొద్దు. పొద్దున, సాయంత్రం ముద్దను విడదీసి కడిగి, తెల్లబడిన పురుగుల్ని వంపేయాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజు బకెట్లో పట్టి ఉంచినవే వాడండి. పళ్లెం వేరుగా పెట్టి పేరు రాస్తే ఇంట్లోవాళ్లకు టెన్షన్ ఉండదు.

సమస్య: కడుపు ఉబ్బి, చేప మూలన నిలబడటం

కారణం: ఈ పురుగులు మురుగు కాలువల బురదలో పెరుగుతాయి. కడుపులో ఆ బురద, బాక్టీరియా అలాగే ఉంటాయి. పైగా చేప తిండి చాలని ఆగదు, కనిపించినంతా మింగుతుంది.

పరిష్కారం: తెచ్చాక కనీసం రెండు రోజులు, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఆగండి. నా దృష్టిలో మొత్తం జాగ్రత్తల్లో ఇదే ముఖ్యం. వారానికి రెండు మూడుసార్లే వేయండి, మిగతా రోజులు గుళికల మేత. ఉబ్బితే ఒకటి రెండు రోజులు పస్తు ఉంచండి. గోల్డ్ ఫిష్‌కు తర్వాత ఉడికించిన బఠాణీ తొక్క తీసి పెట్టొచ్చు. పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం అది అజీర్ణం కాదు, వెంటనే చేపను వేరే తొట్టిలోకి మార్చాలి.

సమస్య: గాజుకు సన్నటి తెల్ల పురుగులు పాకడం

మిగిలిన తిండే కారణం. రాళ్ల సందుల్లో దూరిన ట్యూబిఫెక్స్ చచ్చి అమ్మోనియా పెరుగుతుంది. నీటిపై తేలే కోన్‌లో (పురుగులు వేసే చిల్లుల గరాటు), రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే వేయండి. అడుగును పైపుతో పీల్చి తీయండి.

పురుగులు దొరకని రోజుల్లో కొందరు తొట్టెలో నీళ్లు నిలవబెట్టి దోమ పిల్లల్ని పెంచుతారు. గజపతి, రాయగడ, కొరాపుట్ మలేరియాతో చాలా బాధపడ్డ జిల్లాలు, దయచేసి ఆ పని చేయొద్దు. మందు కొట్టని పెరటి మట్టిలోంచి వానపాము తీసి, కడిగి, చేప నోటికి పట్టేలా సన్నగా తరిగి వేయండి.