‘మస్ట్’ వాడే ముందు ఒక్క నిమిషం ఆగుండ్రి

మన దిక్కు ‘చెయ్యాలె’ అన్న ఒక్క మాటతోనే అన్నీ నడుస్తయి. ఇంగ్లీషుల అట్ల కాదు, ‘మస్ట్’, ‘నీడ్ టు’, ‘హావ్ టు’ అని వేరువేరు మాటలుంటయి. హన్మకొండల కొత్తగా ఉద్యోగంల చేరిన మా తమ్ముడు, మేడారం జాతరకు సెలవు అడుగుతూ మేనేజర్‌కు ‘యు మస్ట్ అప్రూవ్ మై లీవ్, వెరీ అర్జెంట్’ అని మెయిల్ రాసిండు. పంపకముందే ఆపిన. అవుతలి మనిషికి ‘యు మస్ట్’ అంటే హుకుం జారీ చేసినట్టు వినవడ్తది. ‘ఐ నీడ్ టు గో టు మేడారం ఆన్ ఫ్రైడే. కుడ్ యు ప్లీజ్ అప్రూవ్ మై లీవ్ బై వెన్స్‌డే?’ అని మార్పిచ్చిన. ‘అర్జెంట్’ అని ఎన్నిసార్లు రాసినా ఎప్పటిలోగ కావాల్నో తెలువదు. ‘బై వెన్స్‌డే’ అంటే బుధవారం దాటొద్దని సాఫ్‌గ తెలుస్తది.

ఇంకోటి, దీంట్ల చానామంది పొరపాటు పడ్తరు. ‘యు డోంట్ హావ్ టు కమ్’ అంటే రాకున్నా నడుస్తది, వచ్చినా మంచిదే. ‘యు మస్ట్ నాట్ కమ్’ అంటే రానే రావద్దు. చుట్టాలను పిలిచేటప్పుడు ఇది తారుమారైతే మనసు నొచ్చుకుంటరు.

నిన్న పోవాల్సొచ్చింది అనాలంటే ‘మస్ట్’ పనికిరాదు, ‘ఐ హాడ్ టు గో’ అనుండ్రి.