రోహిణి కార్తెలోనూ, చలి తెల్లవారుజామునా గుండెను ఎలా కాపాడుకోవాలి?

విజయవాడ ఎండల్లో మనం వడదెబ్బకే భయపడతాం. గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదమూ ఆ ఎండల్లో పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ధనుర్మాసపు చలి కూడా గడ్డుకాలమే.

ముందుగా ఇంట్లో ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో చూసుకోండి. వయసు మళ్లినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, ఇదివరకే గుండెపోటు వచ్చినవారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీల వంటి కష్టజీవులను కూడా ఈ లెక్కలో చేర్చాలి.

ఎండాకాలంలో ఒంటి వేడిని బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తాన్ని తోలాలి, అందుకే వేగంగా కొట్టుకుంటుంది. చెమటతో నీరు, సోడియం, పొటాషియం పోయి రక్తం చిక్కబడుతుంది, గుండె లయ తప్పవచ్చు. కాబట్టి 11 నుంచి 4 గంటల దాకా ఎండలో పని పెట్టుకోకండి. దాహం వేయకముందే నీళ్లు, పలచటి మజ్జిగ తాగండి. బీపీ ఉంటే మజ్జిగలో ఉప్పు వేసుకోవద్దు.

అయితే గుండె బలహీనపడి, రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు కొలత పెట్టినవారికి ఈ సలహా వర్తించదు. మార్చిలోనే డాక్టరును కలిసి ఆ కొలతనూ, నీరు తీసే మాత్రల మోతాదునూ ఎండలకు తగ్గట్టు సరిచూపించుకోండి. మాత్రలు సొంతంగా మానేయడం మాత్రం దయచేసి వద్దు.

చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. కార్తీకంలో కృష్ణలో ఒక్కసారిగా మునగకండి. గుండెజబ్బు ఉంటే ఇంట్లో గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసినా పుణ్యానికి లోటు రాదు. నడకకు పొద్దెక్కాక వెళ్లండి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఎవరైనా కళ్లముందే కూలిపోతే, ముఖం మీద నీళ్లు చల్లుతూ, సోడా తాగిస్తూ సమయం పోగొట్టకండి. భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోను చేసి స్పీకరులో పెట్టండి. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే బతికే ఉన్నాడని ఊరుకుంటారు చాలామంది. అది ఊపిరి కాదు, గుండె ఆగిందనడానికి గుర్తు.

వెంటనే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఒక అరచేతి మడమ (మణికట్టు పక్కనుండే గట్టి భాగం) ఆనించి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి. 108 సిబ్బంది వచ్చి అందుకునేదాకా ఆపకండి.